మన మీగాలికి ఏ లేసు?

వేంపల్లె మండలం ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ప్రాంగణ నియామకాల రోజులు దగ్గరపడితే హాస్టల్ గదుల్లో కొత్త సామాను చేరుతుంది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్లప్యాంటు, ఎవరినో అడిగి తెచ్చుకున్న టై, అట్టపెట్టెలో నిగనిగలాడే నల్లటి తోలుబూట్లు. పల్లె బడుల్లో చదివిన పిల్లల కోసం 2008లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన మూడు ప్రాంగణాల్లో ఇదొకటి. పదో తరగతి మార్కుల మీద సీటు, ఆ తర్వాత ఆరేళ్ల చదువు. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తోలుబూటు సొంతంగా ఎంచుకుని కొనడం అదే మొదటిసారి. బయోడేటా ఎలా రాయాలో, గ్రూప్ డిస్కషన్‌లో ఎలా మాట్లాడాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. బూటు సంగతికొచ్చేసరికి ఫోన్లో చూసిన వీడియోలే గురువులు. ఆక్స్‌ఫర్డ్ బూటే అసలైన ఫార్మల్ అనీ, దానికి అడ్డగీతల్లా తిన్నగా వేసిన లేసే మర్యాద అనీ అవి చెబుతాయి. ఆ సలహా ఇంగ్లండులో, అక్కడి పాదాలను చూసి పుట్టింది. మన బజారులో దొరికే బూటు మన పాదం కొలతతో చేసింది కాదు. అలాంటి బూటును కొన్న తర్వాత మన పాదానికి తగ్గట్టు సర్దుకోగలిగిన భాగం లేసు ఒక్కటే. అందుకే లేసు తీరును ఎంచుకోవాల్సింది అందం చూసి కాదు, మీగాలు చూసి. అలా చూస్తే ఈ ప్రాంతంలో ఎక్కువ పాదాలకు సరిపోయేది రెక్కలు విడిగా తెరుచుకునే డెర్బీ బూటు, దానికి ఇంటూ గుర్తులా ఏటవాలుగా వేసిన లేసు, కింద వదులుగా పైన గట్టిగా పట్టిన బిగింపు. దీనికి ఆధారాలున్నాయి, ఎదురు వాదనలూ ఉన్నాయి.

ముందు కొలతల సంగతి. బూటు పెట్టె మీద కనిపించే 7, 8, 9 అంకెలు ఇంగ్లండు కొలతలు. స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడికి వచ్చి, ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి. ఒక అంకెకూ తర్వాతి అంకెకూ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. బార్లీ గింజ పొడవును కొలమానంగా పెట్టుకున్న రోజుల నాటి లెక్క అది. ఆ అంకె చెప్పేది పాదం పొడవు మాత్రమే. వెడల్పు చెప్పడానికి ఇంగ్లండులో ఆ అంకె పక్కన వేరే అక్షరాలు వాడతారు. మన పట్టణాల దుకాణాల్లో దాదాపు ఎక్కడా ఆ అక్షరాలు కనిపించవు. ఒక సైజుకు ఒకే వెడల్పు, తీసుకుంటే తీసుకోవాలి లేదంటే లేదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. మన పాదాలు సగటున యూరప్, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పని తేల్చింది. సన్నటి బూటులో వెడల్పు పాదం పట్టక మనవాళ్లు అవసరమైన దానికన్నా పొడవైన బూట్లు కొంటున్నారనీ, నడుస్తుంటే అవి జారిపోకుండా మగవాళ్లు లేసులను మరీ బిగించి కడుతున్నారనీ, దానివల్ల రక్తప్రసరణ దెబ్బతింటోందనీ ఆ సర్వేలో బయటపడింది. దీని ఆధారంగా భారతీయ పాదాల కోసం ‘భ’ అనే కొత్త కొలతల పద్ధతిని ఆ సంస్థ ప్రతిపాదించింది. పసిపిల్లల నుంచి పెద్దల దాకా 8 సైజులతో మన జనాభాలో ఎక్కువమందికి సరిపెట్టవచ్చన్నది అందులోని ఆలోచన. ఆ కొలతల బూట్లు వేంపల్లె బజారులోకి వచ్చేదాకా మనం ఉన్నవాటితోనే నెట్టుకురావాలి.

లక్షమంది పాదాలను కొలిచి చెప్పిన ఆ మాటను ఒక్క పాదం మీద పెట్టి చూద్దాం. ఒక కుర్రాడి పాదం పొడవుకు 8వ నంబరు సరిపోతుంది. వేలి కణుపుల దగ్గర పాదం వెడల్పు కాబట్టి 8 తొడిగితే చిటికెనవేలు ఒరుసుకుంటుంది. అంగడివాడు 9 ఇస్తాడు. పక్కల ఒరపు పోతుంది, పిల్లవాడి మొహం తేటపడుతుంది, డబ్బులు ఇచ్చి వచ్చేస్తాడు. ఇప్పుడు బూటు ముందు ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల అదనపు ఖాళీ ఉంది. అడుగు వేసినప్పుడల్లా పాదం ముందుకు జారుతుంది, మడమ వెనక లేస్తుంది. ఆ జారుడును ఆపడానికి చేతికి అందేది లేసే కాబట్టి దాన్ని కింది కన్నం నుంచి పైకన్నం దాకా ఒకే బిగువుతో లాగి కడతాడు. పాదం మొత్తంలో కండ తక్కువగా, చర్మం కింద ఎముక వెంటనే తగిలే చోటు మీగాలు. చీలమండ నుంచి బొటనవేలి వైపు వెళ్లే నరం అక్కడే పైపైన పోతుంది. లేసు అడ్డపట్టీ ఆ నరం మీద గంటల తరబడి నొక్కితే బొటనవేలికీ పక్కవేలికీ మధ్య తిమ్మిరెక్కుతుంది. చాలామంది దాన్ని కొత్తబూటు కాటు అనుకుని ఓర్చుకుంటారు. కొత్తబూటు కాటు మడమ వెనక, చిటికెనవేలి పక్కన కదా పడుతుంది! వేళ్ల సందున తిమ్మిరి వచ్చిందంటే తప్పు తోలుది కాదు, లేసు బిగింపుది. పొడవు తప్పిన బూటును లేసుతో సరిచేయబోవడమే ఈ బాధకు మూలం.

ఇక్కడి పాదాలు వెడల్పుగా ఉండటం లోపమేమీ కాదు. దక్షిణ భారతంలో చెప్పులు లేకుండా నడిచేవాళ్లనూ, బూట్లు వేసుకునే భారతీయులనూ, బెల్జియం వాళ్లనూ పోల్చి బెల్జియం పరిశోధకుల ఆధ్వర్యంలో 2009లో ఒక అధ్యయనం వెలువడింది. ఉత్తకాళ్లతో నడిచేవాళ్ల పాదాలు ముందుభాగంలో వెడల్పుగా ఉన్నాయనీ, వాళ్ల బరువు అరికాలంతటా సమంగా పరుచుకుంటోందనీ అది చెప్పింది. అంతకుముందే 1992లో మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాల వైద్యులు ఉదయ భాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించారు. బూట్లు, చెప్పులు తొడిగే పిల్లల్లో చదునుపాదం 8.6 శాతం మందికి ఉంటే, ఉత్తకాళ్ల పిల్లల్లో 2.8 శాతం మందికే ఉంది. వేళ్లు మూసే బూట్లు తొడిగేవాళ్లలో అది మరీ ఎక్కువ. రాళ్లనేల మీద, చేనుగట్ల మీద చిన్నప్పటి నుంచి నడిచిన పాదం విచ్చుకుని, బలపడి ఉంటుంది. వేంపల్లె చుట్టుపక్కల నేల ఎంత రాతినేల అంటే, కడప రాతిపొరల్లో ఒకదానికి భూగర్భశాస్త్రంలో ఈ ఊరి పేరే పెట్టి వేంపల్లె ఫార్మేషన్ అంటారు. ఆ నేల మీద తిరిగిన రైతు కాలికి ఒకప్పుడు ఊళ్లోని మాదిగ పనివాడు కొలత తీసుకుని కిర్రుచెప్పులు కుట్టేవాడు. పాదం వెడల్పును బట్టి తోలు కోసేవాడు, వారు సరిగ్గా మీగాలి మీద పడేట్టు చూసేవాడు. ఫ్యాక్టరీ బూటు వచ్చాక ఆ కొలత పోయింది. ఆ పనివాళ్ల చేతుల్లోని పాదజ్ఞానాన్ని ఎవరూ రాసిపెట్టుకోలేదు, రాసిపెట్టి ఉంటే బూట్లు చేసేవాళ్లకు ఎంతో పనికొచ్చేది. 2020 అక్టోబరులో మొదలైన జగనన్న విద్యాకానుక, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో నడుస్తున్న పథకం, ప్రభుత్వ బడిపిల్లలకు ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు ఇస్తోంది. అది మంచిపని. ముల్లు నుంచి, కొంకిపురుగు నుంచి పాదాన్ని కాపాడేది బూటే. కానీ ఒక్క తరంలో ఉత్తకాలి నుంచి లేసుబూటుకు వచ్చిన పిల్లలకు లేసు ఎలా కట్టాలో కూర్చోబెట్టి చూపించాల్సిన అవసరం ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు బూటు కట్టుడు చూడాలి. ఆక్స్‌ఫర్డ్ బూటులో లేసు కన్నాలున్న రెండు రెక్కలనూ ముందు తోలు కిందికి పెట్టి కుడతారు. రెక్కల కింది కొసలు రెండూ ఒక్కచోట మూసుకుని ఉంటాయి కాబట్టి అవి పైన మాత్రమే కొద్దిగా విచ్చుకుంటాయి. డెర్బీలో రెక్కలను ముందు తోలు మీద పెట్టి కుడతారు, అవి తలుపుల్లా రెండు పక్కలకూ పూర్తిగా తెరుచుకుంటాయి. దీనికి దగ్గరి చుట్టమైన ఇంకో రకానికి బ్లూచర్ అని పేరు. 1815లో వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ మీద పోరాడిన ప్రష్యా సేనాని బ్లూచర్ తన సైనికులు తొందరగా తొడుక్కునేట్టు ఇలా చేయించాడని చెబుతారు. ఈ తేడా చూపుకు చిన్నదే, పాదానికి పెద్దది. వెడల్పు పాదమో ఎత్తు మీగాలో ఉన్నవాడు ఆక్స్‌ఫర్డ్ తొడిగి లేసు కడితే రెక్కలు కలవవు. మధ్యలో నాలుక బయటపడుతుంది, కింద సన్నగా పైన వెడల్పుగా త్రికోణం ఏర్పడుతుంది. బూటు పాదానికి చాలలేదనడానికి ఆ త్రికోణమే గుర్తు. అప్పుడు ఏ తీరులో లేసు వేసినా చూడ్డానికి బాగుండదు, బిగించినకొద్దీ మీగాలు నలుగుతుంది. అదే పాదం డెర్బీలో పెడితే రెక్కల మధ్య సందు కింది నుంచి పైదాకా ఒకే వెడల్పులో ఉంటుంది. వేలెడంత సందు ఉన్నా డెర్బీకి అది సహజమే. ఆక్స్‌ఫర్డ్ పాదాన్ని తన ఆకారంలోకి రమ్మంటుంది. డెర్బీ పాదం దగ్గరికి తాను వస్తుంది. వెడల్పు పాదాలు ఎక్కువున్న చోట మొదటి జత ఏదై ఉండాలో ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

లేసు తీరుల మీద లెక్కల మాస్టార్లు కూడా తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ గణితవేత్త బర్కార్డ్ పోల్‌స్టర్ 2002 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న పత్రం ప్రచురించాడు. అతి తక్కువ లేసుతో పని జరిగే తీరు జనం ఎక్కువగా వాడని ‘బోటై’ తీరని ఆయన నిరూపించాడు. గట్టిదనానికి వస్తే మాత్రం ఏటవాలు తీరు, తిన్నగా అడ్డం వేసే తీరు, ఈ రెండే మిన్న అని తేల్చాడు. అంటే గణితం దృష్టిలో మన ముందున్న రెండు ప్రధాన తీరులకూ వంక పెట్టడానికి వీల్లేదు. ఎంపిక పాదం దగ్గరే జరగాలి. ఏటవాలు తీరులో లేసు రెండు కొసలూ ప్రతి వరసలోనూ పాల్గొంటాయి, రెండు రెక్కలూ సమంగా దగ్గరవుతాయి. ఎక్కడైనా వదులు చేయాలంటే ఆ చోట ఇంటూ గుర్తును వేలితో లేపితే చాలు. తిన్నగా వేసే తీరులో పైకి కనిపించేవన్నీ అడ్డపట్టీలే, లేసు ఒక వరస నుంచి ఇంకో వరసకు లోపల్లోపల నిలువుగా ఎక్కుతుంది. ఒక కొస ఒక వరసను పట్టుకుంటే రెండో కొస తర్వాతి వరసను పట్టుకుంటుంది. అందుకని ఒక కొసను ఎక్కువ లాగితే వరస విడిచి వరస బిగుసుకుంటుంది. కన్నాల జతలు నాలుగో ఆరో ఉంటే రెండు కొసలూ పైవరసలో పద్ధతిగా తేలతాయి. ఆక్స్‌ఫర్డుకు మామూలుగా ఉండేది ఐదు జతలు, కాబట్టి ఎక్కడో ఒకచోట లేసును సర్దిపెట్టాలి. తిన్నటి తీరుకు ఒక మేలు మాత్రం ఉంది, దాన్ని కాదనకూడదు. లోపలి లేసు రెక్కల అంచుల వెంబడి పోతుంది కాబట్టి మీగాలి నడిమధ్య ఇంటూ గుర్తుల ఒత్తిడి ఉండదు. ఆక్స్‌ఫర్డ్ రెక్కలు తేలిగ్గా కలిసే సన్నపాదానికి ఈ తీరు చక్కగా అమరుతుంది, చూపుకూ తీరుగా ఉంటుంది. అలాంటి పాదం ఉన్నవాళ్లు నిస్సంకోచంగా అదే కట్టుకోవచ్చు.

మిగిలిన వాళ్లకు పద్ధతి ఇది. నాలుగు జతల కన్నాలున్న డెర్బీ బూటును తొడగకముందే లేసు మొత్తం తీసేయాలి. లేసును కింది జత కన్నాల్లో లోపలి నుంచి బయటికి తీసి, రెండు కొసలూ కలిపి పట్టి సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత కుడికొసను ఎడమకు, ఎడమకొసను కుడికి దాటించి, రెక్క కిందినుంచి పైజత కన్నాల్లోకి తేవాలి. ప్రతిసారీ ఒకే కొస పైన పడేట్టు చూస్తే ఇంటూ గుర్తులన్నీ ఒకేలా కనిపిస్తాయి. సాక్సుతో పాదం లోపల పెట్టాక మడమను నేలకు రెండుసార్లు తట్టి అది బూటు వెనక్కి చేరేట్టు చూసుకోవాలి. ముందు తట్టకుండా బిగిస్తే పాదం ముందుకు జారిన స్థితిలోనే ఉండిపోతుంది, తర్వాత ఎంత లాగినా మడమ లేస్తూనే ఉంటుంది. ఇప్పుడు కింది రెండు వరసల్లో లేసు వేలాడకుండా ఊరికే లాగాలి, బిగించకూడదు. వేలి కణుపులు విచ్చుకునే చోటది. మూడో వరస నుంచి గట్టిపరిచి, చీలమండ దగ్గర పైవరసలో గట్టిగా పట్టాలి. జారకుండా ఆపేది పైవరసే. జర్మనీ పరిశోధకులు మార్కో హాగెన్, ఎవాల్డ్ హెన్నిగ్ 2009లో పరుగుబూట్ల మీద చేసిన అధ్యయనంలో లేసును పైకన్నం దాకా వేసి గట్టిగా కట్టినప్పుడు మడమ దగ్గర పాదం ఒరిగే వేగం, నేల తాకిడి పాదం మీద పడే వేగం రెండూ తగ్గాయి. కాబట్టి వదులు లేసు వేరు, సరైన లేసు వేరు. కట్టాక లేసు కింద చూపుడువేలి కొస దూరాలి, వేలు మొత్తం దూరకూడదు. మీగాలి మీద ఎముక పొడుచుకొచ్చినట్టుండి నొప్పి పుడితే ఆ ఒక్క వరసలో లేసును అడ్డం దాటించకుండా అదే పక్కన నిలువుగా పైకన్నంలోకి తీసుకుపోవచ్చు. బయటినుంచి చూసేవాళ్లకు అది దాదాపు తెలియదు. నొప్పికి మాత్రం వెంటనే తేడా తెలుస్తుంది.

ముడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి లేసును చెడ్డముడి పాడుచేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో క్రిస్టీన్ గ్రెగ్, క్రిస్టఫర్ డెయిలీ డైమండ్, ఆలివర్ ఓరైలీ 2017లో లేసుముడి తనంతట తాను ఎందుకు ఊడుతుందో హైస్పీడ్ కెమెరాతో చూశారు. అడుగు నేలను తాకినప్పుడు గురుత్వాకర్షణకు ఏడు రెట్ల తాకిడి ముడి మీద పడుతుంది. ఆ తాకిడికి ముడి వదులవుతుంది, ఊగే కాలు లేసు కొసలను కొరడాలా విసిరి లాగుతుంది. రెండూ కలిసి చాలాసేపు పట్టి ఉన్న ముడిని కొన్ని సెకన్లలో విప్పేస్తాయి. ముడుల్లోనూ రెండు రకాలు. మొదటి మెలిక కుడి మీద ఎడమ వేస్తే, ఉచ్చుల మెలిక ఎడమ మీద కుడి వేయాలి. రెండూ ఒకే వైపు వేస్తే ఆ ముడి బలహీనం. దాన్ని గుర్తుపట్టడం తేలిక. కట్టాక ఉచ్చులు రెండూ బూటుకు అడ్డంగా పడుకుంటే ముడి సరైంది. ఒక ఉచ్చు వేళ్ల వైపు, ఇంకోటి మడమ వైపు తిరిగితే తప్పుముడి. చిన్నప్పుడు తప్పుగా అలవాటైనవాళ్లు మొదటి మెలికను మాత్రం రెండోవైపుకు మార్చుకుంటే సరిపోతుంది, మిగతా అలవాటును కదిలించనక్కర్లేదు. నున్నటి నైలాన్ లేసు త్వరగా జారుతుంది. ఫార్మల్ బూటుకు మైనం పట్టించిన సన్నటి గుండ్రని నూలు లేసు బాగా నిలుస్తుంది.

ఇక మొదటి అభ్యంతరం. ఆక్స్‌ఫర్డ్ లేకుండా ఇంటర్వ్యూకు వెళ్తే తక్కువగా చూడరా అని పిల్లలు భయపడతారు. ఆ భయం కొట్టిపారేయాల్సింది కాదు. ఇంగ్లీషు తడబడుతుందనీ, ఊరి యాస పట్టేస్తారనీ ముందే గుండె దడదడలాడే పిల్లవాడికి బూటు కూడా ఒక పరీక్షగా తోస్తుంది. నిజానికి డెర్బీ ఆఫీసుబూటు కాదని ఎవరూ అనరు. ఆక్స్‌ఫర్డే తప్పనిసరి అన్న నియమం విందుల్లో వేసే నల్లసూట్లకే వర్తిస్తుంది. మన ఐటీ కంపెనీలే ఆ పట్టింపు సడలించుకుంటున్నాయి. ఇన్ఫోసిస్ 2015 జూన్ నుంచి ఉద్యోగులు ఫార్మల్స్‌లో రావాలన్న నిబంధనను ఎత్తేసింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కనిపించేది పాలిష్, శుభ్రత, బూటు రంగులోనే ఉన్న లేసు, ఊడిపోని ముడి. ఇవన్నీ డెర్బీలోనూ ఉంటాయి. రెక్కలు నోరు తెరిచిన ఆక్స్‌ఫర్డ్ మాత్రం కంటికి కొడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఇంటర్వ్యూ అంటే ఇక్కడివాళ్లకు రాత్రంతా బస్సు ప్రయాణం. గంటల తరబడి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. తెల్లవారి బస్టాండులో దిగి మొహం కడుక్కుని బూటు తొడిగేటప్పటి పాదం నిన్న సాయంత్రం నాటి పాదం కాదు. ఆ పూట పాదం ఎంత పెరిగితే అంత చోటివ్వగలిగేది తెరుచుకునే రెక్కే. కడప ఎండల్లో నిలబడి పనిచేయాల్సిన మెడికల్ రిప్రజెంటేటివుకైనా, బ్యాంకు గుమాస్తాకైనా మధ్యాహ్నం దాటాక ఇదే అనుభవం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. అసలు లేసులెందుకు, తొడిగి విప్పే లోఫర్ చాలదా? మనది గడపగడపకూ కాలిజోడు విడిచే దేశం. ఇంటికి వెళ్లినా, గండి ఆంజనేయస్వామి గుడికి వెళ్లినా, మసీదుకు వెళ్లినా వంగి ముడి విప్పాలంటే కష్టమే. పెద్దవాళ్ల విషయంలో ఈ వాదన నెగ్గుతుంది. నడుం వంగనివాళ్లు లేసుబూటు కోసం అవస్థ పడాల్సిన పనిలేదు. కానీ లోఫర్‌కు సర్దుబాటే లేదు. కొన్ననాడు ఎలా ఉందో పాదం అందులో అలాగే ఒదగాలి. వెడల్పు కోసం ఒక సైజు పెంచి కొన్న లోఫర్ మడమ దగ్గర జారుతుంది, అది జారకుండా నడవడానికి వేళ్లు ముడుచుకుని నడుస్తాం. కొన్నాళ్లకు తోలు సాగి జారుడు ఇంకా పెరుగుతుంది. సైజు సరిగ్గా కుదిరినవాళ్లకు లోఫర్ మంచిదే, ఒకే వెడల్పు దొరికే బజారులో అలా కుదరడమే అరుదు. ముడి విప్పకుండా మడమను తొక్కి బూటులో కాలు దూర్చే అలవాటు మాత్రం మానాలి. వెనకభాగం విరిగిన బూటు ఏ లేసు వేసినా మడమను పట్టుకోలేదు. డెర్బీలో పై రెండు వరసలు వదులు చేస్తే చాలు, పాదం తేలిగ్గా వచ్చేస్తుంది.

వేరుశనగ చేను ఎండిపోయే ఊళ్లో, చీనీకాయల ధర కోసం రైతు ఎదురుచూసే ఊళ్లో లేసు తీరు గురించి ఇంత మాటా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ఇంట్లో బూటు మళ్లీ మళ్లీ కొనే వస్తువు కాదు కాబట్టే ఇంత మాట. ఒకసారి తప్పు సైజు, తప్పు రకం తెచ్చుకుంటే రెండేళ్లో మూడేళ్లో దాన్నే తొడగాలి. ఉన్నవాడు నచ్చకపోతే మారుస్తాడు, లేనివాడు ఓర్చుకుంటాడు. పైగా బూటును బాగా తొడగడానికి అదనంగా పైసా ఖర్చు లేదు. కొన్న బూటులోనే లేసు తీసి మళ్లీ వేయడమే పని. ఇంట్లో మధుమేహం ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. చక్కెర జబ్బు ముదిరిన పాదానికి నొప్పి తెలియకపోవచ్చు. లేసు ఒరిపిడికి పుండు పడినా సాక్సు విప్పేదాకా తెలియదు. అలాంటివాళ్లు లేసుబూటు కొంటే తెరుచుకునే రెక్కలదే కొనాలి. రోజూ రాత్రి మీగాలి మీద లేసు గుర్తులు పడ్డాయా అని చూసుకోవాలి. ఎర్రటి గీత పొద్దుపోయాక కూడా పోకపోతే మర్నాడు ఆ వరస వదులు చేయాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే. సాయంత్రం వెళ్లాలి, ఆ వేళకు పాదం తన పూర్తి పరిమాణానికి వస్తుంది. ఆఫీసుకు వేసుకునే సాక్సుతో వెళ్లాలి. రెండు పాదాలూ తొడగాలి, చాలామందికి ఒక పాదం రెండోదానికన్నా కాస్త పెద్దది. లేసు పూర్తిగా వదులు చేయించి, తొడిగి, కట్టి, అంగట్లోనే నాలుగడుగులు నడవాలి. డెర్బీ రెక్కల సందు కింద, పైన ఒకే వెడల్పులో ఉందో లేదో వంగి చూడాలి. సందు లేకుండా రెక్కలు కలిసిపోతే బూటు పెద్దది. వెడల్పు చాలక సైజు పెంచమంటే ఒప్పుకోకుండా అదే సైజులో ముందుభాగం వెడల్పున్న ఇంకో మోడల్ అడగాలి.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, ఈ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల ప్లేస్‌మెంట్ విభాగాలకు ఒక విన్నపం. పాదం పొడవునూ వెడల్పునూ కలిపి కొలిచే లోహపు పలక అమెరికాలో దాదాపు వందేళ్ల కిందటే వచ్చింది, చార్లెస్ బ్రానాక్ చేసిన ఆ పరికరం అక్కడి బూటు దుకాణాల్లో మామూలు వస్తువు. అలాంటిది ఒక్కటి మీ కార్యాలయంలో పెట్టండి. నియామకాలకు నెల ముందు ప్రతి విద్యార్థికీ రెండు పాదాల పొడవు, వెడల్పు కొలిచి ఒక చీటీ మీద రాసివ్వండి, లేసు వేయడం ఒకసారి చేతితో చేసి చూపించండి. ఆ చీటీ పట్టుకుని పిల్లలు అంగడికి వెళ్తే, వెడల్పు అడిగే కొనుగోలుదారులు వేంపల్లెలోనూ పులివెందులలోనూ ఉన్నారని బూట్లమ్మేవాళ్లకు తెలుస్తుంది.